సుద్దబండ రన్‌వే ఆపుగంటలు

ఏప్రిల్ 4

విచారణ సంఘం వాళ్లు ఈ రోజు నా చేతికి ఒక ఖాళీ పుస్తకం ఇచ్చారు. సుద్దబండ విమానాశ్రయాన్ని పెంచాలా వద్దా అన్నది జూన్‌లో తేలుస్తారట. అంతవరకు డెబ్బై రోజులు రన్‌వే మీద ఏం జరిగితే అది రాయమన్నారు. "మీ అభిప్రాయం తర్వాత అడుగుతాం. ముందు కళ్లకు కనిపించింది రాయండి," అన్నారు సంఘం పెద్దావిడ.

నా పేరు లహరి. పదిహేడేళ్లుగా రన్‌వే పరిశీలకురాలిని. రోజుకు రెండుసార్లు ఈ పద్దెనిమిది వందల మీటర్లూ తిరిగి చూడటం నా పని. పగుళ్లు, రాళ్లు, చచ్చిన పిట్టలు, ఊడిపడిన మరలు, ఏది కనిపించినా తీసెయ్యాలి.

ఈ రోజు మొదటి చుట్టు నాలుగున్నరకు. రెండు మరలు, ఒక కంజుపిట్ట ఈక దొరికాయి. ఎండలకని ఐదుకే మోగే బడిగంట, ఐదున్నరకు మొదటి విమానం. పదకొండు నలభైకి సైరన్ మోగింది.

గాలి వేడి నలభై మూడు డిగ్రీలు దాటితే ఆ సైరన్ మోగుతుంది. వేడెక్కిన గాలి పలచబడి రెక్కలకు పట్టు దొరకదు. లేవడానికి ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి, అంత రన్‌వే మాకు లేదు. అందుకని గాలి చల్లబడేవరకు ఏ విమానమూ లేవదు. వాటిని మేం ఆపుగంటలు అంటాం. నేను ఉద్యోగంలో చేరిన ఏడు, నడి మే నెలలో కూడా రోజుకు ఆపుగంటలు రెండే. ఈ రోజు ఇంకా ఏప్రిల్ నాలుగు. సైరన్ సాయంత్రం నాలుగూ పదికి ఆగింది.

ఏప్రిల్ 9

సైరన్ 11.15కు.

విశాఖ విమానం ఆలస్యమై, పూల తస్లీమక్క పెట్టెలు మళ్లీ ఆగిపోయాయి. ఆమె దగ్గర నూట ఇరవై మంది ఆడవాళ్లు కనకాంబరాలు, లిల్లీలు పండిస్తారు. తెల్లారకముందు కోస్తే మధ్యాహ్నానికి విశాఖ చేరాలి. లేకపోతే చెత్తే.

పెంచాలనేవాళ్లలో ఆమె మొదటిది. నన్ను చూడగానే అడిగింది. "లహరీ, ఆ పుస్తకంలో నా మాట గూడా రాస్తావా?"

"చెప్పక్కా, రాస్తా."

"పడమర పక్క పన్నెండు వందల మీటర్లు పెంచితే ఎండలో గూడా విమానాలు లేస్తాయి. పెద్దవి గూడా దిగుతాయి. నా దగ్గర పని చేసే ఆడోళ్లు ముందు ఏం చేస్తాండ్రి? బెంగుళూరు పోయి మేస్త్రీల కింద ఇసుక మోస్తాండ్రి. ఇప్పుడు ఇండ్ల కాడ ఉండారు. వానలు రాని ఊర్లో ఇంకేం బతుకు ఉండాది, నువ్వే చెప్పు."

ఆమె చెప్పింది నిజం. మా వీధిలోనే నలుగురు ఆమె తోటలో పని చేస్తారు. రాశాను.

ఏప్రిల్ 17

సైరన్ 10.50కు.

రన్‌వే పడమటి కొస దాటితే కంచె, కంచె దాటితే గడ్డిబీడు. పెంచితే అందులోకే పెంచాలి. అక్కడ కురువోళ్లు గొర్రెలు మేపుతారు. ఈరమ్మవ్వ వాళ్లకు పెద్ద. డెబ్బై దాటాయి. ముప్పై ఏళ్ల కిందట ఆ నేల ఉత్త సుద్దరాయట. వీళ్లే వరసగా కందకాలు తవ్వి, పడిన నాలుగు చినుకులూ ఇంకేలా చేసి, ఒక పక్క మేపుతూ ఒక పక్క వదిలేస్తూ గడ్డిని నిలబెట్టారు.

కంచె దగ్గర నేను నీళ్లు తాగుతుంటే అవ్వ వచ్చి నిలబడింది.

"పాపా, నువ్వేమో రాస్తాండావంట. నాదొక అనుమానం ఉండాది, తీరుస్తావా?"

"అడుగవ్వా."

"ఎండలు ఎక్కువైనాయని దారి పొడుగు చేస్తాండారు గదా. పొడుగు చేస్తే పెద్ద విమానాలొస్తాయి. అవి కాల్చే నూనెకు ఎండ ఇంకా ఎక్కువయితాది. అప్పుడు మళ్ల ఇంకెంత పొడుగు చేస్తారు?"

చిన్న విమానాలు బ్యాటరీతో ఎగురుతాయి, పొగ రాదు. కానీ పెద్దవాటిలో ఇప్పటికీ సగం నూనె. అవ్వ ఎవరినీ తప్పు పట్టలేదు, తెలుసుకుందామని అడిగింది.

నాదీ ఒక మాట ఇక్కడ రాయాలి. రన్‌వే మీద పదకొండు వందల మీటర్ల గుర్తు దగ్గర మా అమ్మ వేరుశనగ చేను ఉండేది. నాకు ఆరేళ్లప్పుడు తీసుకున్నారు. అమ్మ మూడు రోజులు అన్నం తినలేదు. కానీ ఆ చేనుకు బదులుగా ఆమెకు ఇక్కడ ఊడ్చే ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగంతోనే నేను చదివాను. ఊళ్లోకి ఆసుపత్రి కూడా విమానాల వెనకే వచ్చింది. ఈ చోటుకు నేను రుణపడి ఉన్నాను. పుస్తకం చదివేవాళ్లు ఆ సంగతి తెలుసుకునే చదవాలి.

ఏప్రిల్ 26

సైరన్ 10.40కు.

చాలా ఏళ్లుగా నా ఒంటికి తెలిసిన సంగతి ఒకటుంది. తూర్పు కొసన నిలబడితే మొహం కాలుతుంది. పడమటి కొసకు వస్తే ఊపిరి ఆడుతుంది. ఈ రోజు చేతి థర్మామీటరుతో కొలిచాను. తూర్పు కొసన గిడ్డంగులు, కార్లు నిలిపే సిమెంటు మైదానం ఉన్నాయి. అక్కడ నలభై నాలుగు. పడమటి కొసన నలభై ఒకటి.

సైరన్‌కు కట్టిన యంత్రం తూర్పు కొసన, ఆ సిమెంటు పక్కనే ఉంది.

స్టేషన్ మేనేజరు దస్తగిరి సారుకు చూపించాను. ఆయన అద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, ఇంకోసారి చూశారు. "రోజూ కొలువు లహరీ. ఒక్కరోజు లెక్క ఎవరూ నమ్మరు," అన్నారు.

మే 3

ఆ రోజు నుంచి రోజూ కొలుస్తున్నాను. పడమటి గాలి వీచినప్పుడు తేడా ఇంకా ఎక్కువ ఉంటోంది. ఆ గాలి గడ్డి మీదుగా వస్తుంది. మా విమానాలు లేచేది కూడా ఆ గాలికి ఎదురుగానే.

మే 8

సైరన్ 10.05కు. ఆగింది సాయంత్రం ఐదున్నరకు.

రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. ఆపుగంటలు రోజుకు ఎనిమిది దాటిన విమానాశ్రయాలను మూసేసి, వాటి విమానాలను వేరే ఊళ్లకు ఇచ్చేస్తారట. ఇక్కడ అరవై ఇద్దరం పని చేస్తున్నాం. దస్తగిరి సారు అందరినీ పిలిచి ఉత్తరం తనే చదివారు. క్యాంటీన్ రసూల్ అందరికీ మజ్జిగ పోశాడు.

గడ్డి చల్లదనం చూపే నా అంకెలు పెంపుకు అడ్డం వస్తే ఆపుగంటలు తగ్గవు, మా ఉద్యోగాలే పోవచ్చు. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా రోజూ నేను బయల్దేరే వేళకు ఎవరో ఒకరు నా చల్లకోటులో ఐసునీళ్లు నింపి, కొక్కేనికి తగిలించి ఉంచుతున్నారు. ఎవరని అడగలేదు.

మే 19

ఈ రోజుది వివరంగా రాస్తాను.

విశాఖ విమానం తొమ్మిదింబావుకు లేవాలి. చక్రం మార్చాల్సి వచ్చి ఆలస్యమైంది. ఈలోగా 9.48కి సైరన్ మోగింది. ప్రయాణికులు పద్నాలుగు మంది, తస్లీమక్క పూలపెట్టెలు, అన్నీ అప్పటికే లోపల ఉన్నాయి. బయట చల్లబడేదాకా చల్లటి గాలి పెట్టి అందరినీ విమానంలోనే కూర్చోబెట్టారు.

పదకొండుకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసే ఓబులేసు రెండు రోజుల కిందట క్రేను మీద నుంచి పడ్డాడు. మెదడు చనిపోయిందని డాక్టర్లు తేల్చారు. అతని గుండె ఇవ్వడానికి భార్య హారిక ఒప్పుకుంది. విశాఖలో ఒకరికి అది సరిపోతుంది. గుండె తీసిన నాలుగు గంటల్లో అక్కడ పెట్టాలి. రోడ్డు మీద పోతే పన్నెండు గంటలు.

దస్తగిరి సారు నిబంధనల పుస్తకం తీశారు. ఒక చిన్న వెసులుబాటు ఉంది. ప్రాణావసరమైతే, రన్‌వే మీద ఐదు చోట్ల కొలిచిన సగటు నలభై మూడు లోపు ఉంటే, పరిశీలకురాలు సంతకం పెడితే, పైలట్ ఒప్పుకుంటే లేవవచ్చు. ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని వాడలేదు. లెక్క తప్పితే విమానం కంచెలోకి పోతుంది.

"కొలుస్తావా?" అన్నారు సారు.

బండి తీశాను. ఒక్కోచోట మూడుసార్లు కొలిచాను. 45.1. 44.2. 43.0. 41.6. 40.6. తూర్పు నుంచి పడమరకు ఒక్కో మెట్టూ దిగినట్టు దిగాయి. సగటు 42.9.

పైలట్ ఇందుప్రియ నా కాగితం తీసుకుని తన లెక్క తను వేసుకుంది. ఆమెది ఈ ఊరు కాదు, రాజమండ్రి పక్క. "బరువు తీసెయ్యాలండి. నేనూ, కో-పైలటూ, డాక్టరు గారూ, గుండె ఉన్న పెట్టే. ఇంకేం వద్దు. అప్పుడైతే సరిపోద్ది," అంది.

అంటే పద్నాలుగు మందీ దిగాలి. మామూలు దిగడం కాదు. సర్కారు పెట్టిన వాటా ప్రకారం మూడేళ్లకు ఒక మనిషికి ఒకటే విమాన ప్రయాణం. గేటు దాటగానే ఆ వాటా ఖర్చయిపోయినట్టు నమోదవుతుంది. దిగితే పోయినట్టే.

దస్తగిరి సారు విమానంలోకి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ముందు వరసలో ఒక పెద్దాయన లేచాడు. కూతురి కాన్పుకు పోతున్నాడు. పైనున్న సంచి దించుకుంటూ, "నా కూతురు ఆస్పత్రిలోనే ఉండాది, చూసుకునేటోళ్లు ఉండారు. పదండి," అన్నాడు. వెనక ఒక్కొక్కరే లేచారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న ఒకాయన మాత్రం కదలలేదు. ఉద్యోగం ఇంటర్వ్యూ అట, రేపే ఆఖరు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అంబులెన్సు వచ్చి ఆగింది. అప్పుడు లేచి, నా పక్క నుంచే మెట్లు దిగిపోయాడు. మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

పూలపెట్టెలు తస్లీమక్కే దించింది. మిగతా కూలీల కోసం ఆగలేదు. మూడు వందల కిలోలు, ఆ ఎండలో, తనూ ఇద్దరు లోడర్లూ.

ఇంకో చిక్కు మిగిలింది. ఆ వేళకు గొర్రెలన్నీ పడమటి కంచె నీడకు చేరతాయి. ఈసారి విమానం దాదాపు ఆ కంచె దాకా నేల మీదే పరుగెత్తుతుంది. అవి బెదిరి కంచె తెంచుకుని రన్‌వే మీదకు వస్తే అంతా పోతుంది. ఈరమ్మవ్వకు ఫోన్ చేశాను.

"అవ్వా, గొర్రెలను కంచె కాణ్ణించి తోలాల. అర్ధగంటే టైముంది. ఒక మనిషి గుండె పోతాండాది."

"ఎంత దూరం తోలాల?"

"అర్ధ కిలోమీటరు."

ఆమె ఇంకేమీ అడగలేదు. బండి మీద కొసకు వచ్చి చూశాను. ముసలామె, ఇద్దరు కోడళ్లు, రెండు వందల గొర్రెలు, నెత్తిన నిప్పులు పోసే ఎండలో దక్షిణం పక్కకు పోతున్నారు.

11.52కు సంతకం పెట్టాను. 11.58కి విమానం కదిలింది. వెయ్యి మీటర్ల గుర్తు దాటింది. మా అమ్మ చేను దాటింది. పదిహేను వందలు దాటింది. చక్రాలు ఇంకా నేల మీదే ఉన్నాయి. పదహారు వందల నలభై దగ్గర చక్రాలు నేల విడిచాయి. కంచె మీదుగా, బీడు మీదుగా పోయి, గడ్డి మీద ఎక్కడో గాలి దొరికినట్టు ఒక్కసారి పైకి లేచింది.

నేను అక్కడే రన్‌వే పక్కన కూర్చుండిపోయాను. నేల కాలుతోందన్న సంగతి కాసేపటిదాకా తెలియలేదు.

మే 20

సైరన్ 9.50కి.

విశాఖ నుంచి కబురు వచ్చింది. గుండె కొట్టుకుంటోంది.

అవ్వ దగ్గరికి వెళ్లాను. నిన్న ఎండలో ఒక చూడి గొర్రె పడిపోయి చచ్చిపోయిందట. నేను చేతులు జోడించబోతే పట్టుకుని ఆపింది. "గొర్రె మళ్ల పుడతాది లే పాపా," అంది. కానీ ఆ గొర్రెను పేరు పెట్టి పిలిచేదని చిన్న కోడలు తర్వాత చెప్పింది.

తస్లీమక్క నిన్నటి పూలన్నీ ఓబులేసు ఇంటికి పంపించింది. పాడె కనిపించకుండా కప్పారట. సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"లహరీ, నిన్న అందరమూ మంచోళ్లమైతిమి. సంతోషమే. కానీ పొడుగు రన్‌వే ఉంటే ఎవరూ దిగే పనే లేకుండె. ఆ ఇంటర్వ్యూకి పోయే ఆయప్ప గూడా పోతాండె. అది రాయి."

"రాస్తానక్కా. ఆ గడ్డి మీద సిమెంటు పోసుంటే నిన్న సగటు నలభై మూడు దాటేది. అది గూడా రాస్తా."

ఆమె లేచి చెప్పులు తొడుక్కుంది. "రెండూ రాయి," అంది చివరికి.

జూన్ 12

విచారణ జరిగింది. నా పుస్తకాన్ని సంఘం ముగ్గురూ చదివి వచ్చారు. పెద్దావిడ అడిగారు, "ఇప్పుడు మీ అభిప్రాయం చెప్పండి. పెంచితే ఊరికి మంచిదా, కాదా?"

నిన్నంతా జవాబు రాసుకున్నాను. అక్కడ నిలబడ్డాక ఆ కాగితం తియ్యలేదు.

"అమ్మా, విమానాలు రాకపోతే నేను ఈ రోజు మీ ముందు నిలబడేదాన్ని కాదు. అవి ఊరికి అన్నం పెట్టాయి. ఇంకా పెడతాయి. కానీ ఇప్పుడు మాకున్న రన్‌వేలో కొంత ఆ గడ్డే. మీకు మ్యాపులో కనపడదు. నలభై ఏడు రోజులు కొలిచాను. పడమటి గాలి తోలిన రోజుల్లో ఆ గడ్డి వల్ల విమానాలు దగ్గర దగ్గర గంటసేపు ఎక్కువ ఎగరగలిగేవి, కానీ సైరన్ యంత్రం తూర్పు సిమెంటు పక్కన ఉండి ఆ గంటను చూడలేదు. గడ్డి మీద సిమెంటు పోస్తే పన్నెండు వందల మీటర్లు వస్తాయి, చల్లగాలి పోతుంది. కొన్నేళ్లకు మళ్లీ మీ దగ్గరికే వస్తాం, ఇంకో వెయ్యి కావాలని. ఈరమ్మవ్వ ఈ మాట నాకంటే ముందే అడిగింది."

"మరైతే తస్లీమా గారి పూలు?" అన్నారు పక్కనున్నాయన.

"సార్, తూర్పు పక్క గిడ్డంగులు ఖాళీగా పడున్నాయి. అవి తీసేస్తే కొంత దొరుకుతుంది. ఎంతన్నది ఇంజనీర్లు చెప్పాలి."

దస్తగిరి సారు లేచి, అవి తీసేస్తే రెండు వందల అరవై మీటర్లు వస్తాయని చెప్పారు. ఆయన ఎప్పుడు కొలిచారో నాకు తెలియదు.

జులై 2

తీర్పు వచ్చింది. పడమర పెంపు లేదు. గడ్డిబీడు కురువోళ్ల చేతిలోనే ఉంటుంది. తూర్పు గిడ్డంగులు, సిమెంటు మైదానం తవ్వేసి రెండు వందల అరవై మీటర్లు పెంచుతారు, మిగిలిన నేలలో గడ్డి వేస్తారు. ఇక మీదట వేడి ఐదు చోట్ల కొలవాలి. కొత్త లెక్కతో ఆపుగంటలు ఎనిమిది లోపే, కాబట్టి మూసివేత లేదు. విమానాల మొత్తం సంఖ్య మాత్రం పెరగదు, పెద్ద విమానాలు రావు. మే 19న దిగిన పద్నాలుగు మందికీ వాళ్ల ప్రయాణం తిరిగి ఇచ్చారు. ఇంటర్వ్యూ ఆయనకు ఆ ఉద్యోగం మాత్రం దక్కలేదు. ఈ మధ్య మా సరుకుల విభాగంలోనే చేరాడు. పేరు యశ్వంత్. పని బాగా తెలిసినవాడు, మాట తక్కువ.

తస్లీమక్కకు సంతోషం లేదు. "అడిగింది బండెడు, దొరికింది గంపెడు," అంది. ఇంకో ఎనభై మందికి పని ఇవ్వాలనుకుంది, ఇప్పుడు ఇరవై మందికే కుదురుతుంది. మిగిలిన అరవై మంది ఎవరో నాకు పేర్లతో సహా తెలుసు. ఈ తీర్పు పూర్తిగా సరైనదని నేను చెప్పలేను. సంఘం వాళ్లు మేం చెప్పిన ప్రతి మాటా విన్నారు. అందుకు వాళ్లకు దండం పెడతాను.

పుస్తకంలో కాగితాలు మిగిలాయని నాకే తిరిగి ఇచ్చేశారు.

ఆగస్టు 11

నాలుగు చినుకులు పడ్డాయి. మొదటి చుట్టు తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిలో మడత పెట్టిన కాగితం.

"నా పేరు హారిక. ఓబులేసు భార్యను," అంది.

మూడు నెలలుగా ఆమె ఇంటికి వెళ్లాలనుకుని వెళ్లలేకపోయాను. ఏం చెప్పాలో తెలియక. లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. రసూల్ టీ ఇచ్చాడు.

కాగితం విశాఖ నుంచి వచ్చింది. గుండె పెట్టించుకున్నామె డ్రాయింగ్ టీచరట. కోలుకుంది. మీకు ఇష్టమైతే ఒకసారి చూడాలని ఉంది, రాలేకపోయినా పర్వాలేదు, అని తనే రాసింది.

"పోవాలని ఉందాక్కా?" అని అడిగాను.

"ఉండాది. భయంగా గూడా ఉండాది." టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "ఆ పొద్దు ఆయన కోసం విమానం దిగినోళ్లు ఉండారంట గదా. గొర్రెలు తోలిన అవ్వ ఉండాదంట. పూలు పంపినామె ఉండాది. వాళ్లందరికీ చెప్పిపోదామని వచ్చినా. ఆయన ఒక్కడే పోయినాడని ఏడుస్తాంటి. అంతమంది సాగనంపినారని నాకు తర్వాత తెలిసింది."

ఆమెకు చేతులెత్తి మొక్కాల్సింది నేను. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

దస్తగిరి సారు వచ్చి విషయం విన్నారు. ఆరున్నర విశాఖ విమానంలో ఒక సీటు ఖాళీగా ఉందని, ఆమె వాటా ఇంతవరకు వాడలేదని చూసి చెప్పారు. "ఈ రోజే పోతావామ్మా?"

ఆమె లేచి కిటికీ అద్దంలోంచి విమానం వైపు చూసింది. మెట్ల దగ్గర జనం వరసగా ఎక్కుతున్నారు. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదట. చాలాసేపు చూసి, నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"నేను ఎక్కితే ఎవరైనా దిగాల్నా?"

"లేదక్కా," అన్నాను. "ఈ రోజు చల్లగా ఉండాది. అందరూ పోవచ్చు."